పెద్దామె ఆకు మడిచింది

నమోదు 1

కాంతమ్మత్తయ్య నవ్వుతోందని మీరు నవ్వారు. ఆమె భయంతో పళ్ళు బయటపెడుతుంటే మీరు అన్నం తింటూ, పక్కవాళ్ళని పిలిచి మరీ చూపించి నవ్వారు. అవును, మిమ్మల్నే అంటున్నాను. వెనక్కి తిరిగి చూడకండి, అక్కడెవరూ లేరు.

‘అత్తింటి అరటితోట’ ఆరేళ్ళు నడిచింది. బొమ్మలాడే కంటిపొర తొడుక్కున్న ప్రతి తెలుగువాడి రెప్పల వెనకా నడిచింది. పట్టుచీర కట్టిన చింపాంజీ అత్తగారు, పంచెకట్టిన చింపాంజీ మామగారు, ఓ కోడలు, ఓ మరిది, చంకలో ఓ బుడ్డోడు. అందరి మెడలకీ మాటపట్టీలు. జంతువు గొంతులో పుట్టిన చప్పుణ్ణి ఆ పట్టీ తెలుగులోకి మారుస్తుందని కంపెనీ చెప్పింది. మీరు నమ్మారు. “కాఫీలో పంచదార ఏదే కోడలా?” అన్న ఆలోచన చింపాంజీకి వస్తుందని నమ్మారు. మా ఊరికి నీళ్ళు రావట్లేదని మనిషి నోటితో చెబితే మాత్రం మీకు రుజువులు కావాలి.

నా పేరు విమోచన. మా నాన్న పెట్టిన పేరు. యాభై దాటాయి, ఇంకా ఆ పేరుకి కాపలా కాస్తూ కనపడ్డ ప్రతివాడితో పోట్లాడుతున్నాను. ప్రస్తుతం ఉద్దానంలో, మూతబడ్డ ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో, ఆ అయిదు చింపాంజీల బాగోగులు చూస్తున్నాను. ఆశ్రయాల్లో ఏం జరుగుతోందో జనం చదివేలా ఎప్పటికప్పుడు రాసి పెట్టాలని నిబంధన. రాస్తాను. మర్యాదగా రాయాలని నిబంధనలో లేదు.

సంగతి ఇది. సెట్టు మీద కొట్టిన దెబ్బలు బయటపడి కోర్టు వీళ్ళని ఇక్కడికి పంపింది. ఇంకా తెరమీదికి రాని ఇద్దరు పిల్లలు స్టూడియోలోనే ఉండిపోయారు. కంపెనీ వెంటనే ఇష్టప్రకటన చట్టం కింద అర్జీ పెట్టింది. జంతువు ఎక్కడ ఉండాలో జంతువే చెప్పాలట. వినడానికి ఎంత బాగుంది! ఆ ‘చెప్పడం’ కంపెనీ తయారుచేసిన మాటపట్టీతోనే చెప్పాలి. వానలు పడేలోపు అధికారి వస్తాడు, పట్టీలు కడతారు, ప్రశ్న అడుగుతారు. పట్టీ ‘స్టూడియోకి పోతాను’ అంటే వీళ్ళు పోవాల్సిందే. అర్జీ కింద మీ సంతకాలు లక్షల్లో ఉన్నాయి. ‘మా అత్తయ్యని మాకు తిరిగివ్వండి’ అని.

మీ అత్తయ్య ఇప్పుడు ఫ్యాక్టరీ బాయిలరు గది పైకెక్కి, నా కళ్ళజోడు నాకుతోంది.

నమోదు 2

తెల్లారి ముందు సౌరపలకల మీద ఉప్పు తుడిచాం. సముద్రం జరిగి జరిగి ఇప్పుడు జీడితోట అంచుకి వచ్చింది, రోజూ తుడవకపోతే పలకలు పనిచేయవు. తర్వాత ఎండకూత మోగేలోపు ఆవరణ కడగాలి. కూత మోగాక సాయంత్రం దాకా కాలు బయట పెట్టేవాడికి జరిమానా, వడదెబ్బ రెండూ ఖాయం.

వంట దాలమ్మక్కది. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకి వండిన చెయ్యి. ఇదే ఫ్యాక్టరీలో జీడిగింజలు కొట్టి వేళ్ళు నల్లబడ్డ చెయ్యి కూడా. మొదటిరోజు జాలీ దగ్గరికి వచ్చి పెద్దదాన్ని చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఓలమ్మోలమ్మ, కాంతమ్మత్తయ్యే! సీర నేకపోతే గుర్తట్టనేకపోనాను!”

“నువ్వూ చూశావా అక్కా ఆ దరిద్రాన్ని?”

“సూడక? అందరూ సూసినారు, నానూ సూసినాను. నన్ను కూడా రాసీస్తావేటి నీ పేపర్లో?”

రాశాను.

స్టీలు కంచాలు పెడితే మరిది వేషం వాడు వాటిని చక్రాల్లా విసిరాడు. ఒకటి మా డాక్టర్ నస్రీన్ చెవి పక్కనుంచి పోయింది. ఈమె ఈ ఆశ్రయానికి ఉన్న ఏకైక వైద్యురాలు, ఆ చెవులు మాకు అవసరం. అందుకని దాలమ్మక్క అరిటాకులు కోసుకొచ్చింది. జాలీ కింద సందులోంచి అయిదు ఆకులు లోపలికి తోసి, చోడిముద్ద, అంటే రాగిముద్ద, ఉడికించిన కర్రపెండలం, పనసతొనలు వడ్డించింది.

అయిదుగురూ వరసగా వచ్చి బాసింపట్టు వేసి కూచున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. పళ్ళన్నీ కనిపించేలా నోళ్ళు తెరిచారు.

“ఎంత ముద్దుగా కూకున్నారో! నవ్వుతన్నారు!” అంది దాలమ్మక్క.

“నవ్వు కాదు,” అంది నస్రీన్. “చింపాంజీ రెండు పళ్ళవరసలూ చూపిస్తే హడలిపోతోందని.”

ఎవరూ పనసతొన ముట్టలేదు. ఆకలితో కడుపులు లోపలికి పోయి ఉన్నాయి, ముందు తిండి ఉంది, చేతులు ఒళ్ళో ఉన్నాయి. అప్పుడు నాకు వెలిగింది. మీకు గుర్తుందా, ఆ సీరియల్లో పెళ్ళిభోజనం? నెలరోజులు సాగదీశారు. ఆకుల్లో లడ్డూలు మెరిసేవి. అవి రబ్బరువి. నిజమైన లడ్డూ పెడితే షాటు పూర్తి కాకుండా తినేస్తారు కదా. ఆకు ముందు కూచోవాలి, చెయ్యి కదపకూడదు, కదిపితే దెబ్బ. వీళ్ళకి అరిటాకంటే అది.

మీకేమో ఆ ఘట్టానికి ప్రత్యేక బహుమతి కూడా ఇవ్వాలనిపించింది. ఇచ్చారు కూడా.

నమోదు 4

ఆకులు మానేద్దామని నేను, వద్దని దాలమ్మక్క. పొద్దున్నుంచి అదే తగువు.

“ఆకంటే బయ్యం అయితే ఆకు తీసీడమేటి? బయ్యం తియ్యాల గానీ!”

“ఎలా తీస్తావు? ఉపన్యాసం ఇస్తావా?”

“ఉపన్యాసాలు నువ్వున్నావు కదమ్మా. నాను తింతాను.”

అన్నంత పనీ చేసింది. జాలీకి ఇవతల తనూ ఓ ఆకు పరుచుకుని పెద్దదానికి ఎదురుగా కూచుని, అదే చోడిముద్ద, అదే పనస, గుటకలు వినపడేలా తింది. మధ్యలో “అబ్బ!” అంది. వేళ్ళు నాకింది. తినడం అయ్యాక ఆకు సగానికి మడిచి లేచిపోయింది.

పెద్దది ఆ మడిచిన ఆకుని చాలాసేపు చూసింది. ఒక వేలితో తన ఆకు మీది తొనని కొంచెం జరిపింది. దెబ్బ పడలేదు. ఇంకొంచెం జరిపింది. తర్వాత ఆ తొన ఎటు పోయిందో నేను చూడనేలేదు.

సాయంత్రానికి అయిదు ఆకులూ ఖాళీ. బుడ్డోడైతే ఆకు కూడా తినేశాడు.

ఇవాళ్టినుంచి ఆమె పేరు పెద్దామె. కాంతమ్మత్తయ్య అన్నవాళ్ళు ఆ పూట ఆవరణ కడగాలి. దాలమ్మక్క అప్పుడే రెండుసార్లు కడిగింది.

నమోదు 5

ఇవాళ సమానత్వం కోసం నేను చేసిన పోరాటం గురించి రాయాలి. నవ్వేవాళ్ళు నవ్వండి.

దాలమ్మక్క వడ్డించేటప్పుడు దొరకి ముందు పెడుతోంది. దొర అంటే మామగారి వేషం వేసిన పెద్ద మగవాడు. నాకు ఒళ్ళు మండింది. ఓ పెళ్ళిలో వియ్యాలవారు పంక్తిభేదం చూపించారని మా నాన్న ఒకప్పుడు విందు మధ్యలో లేచి, వాళ్ళని నిలదీసి, తను ఆకలితో ఇంటికొచ్చి మమ్మల్నీ ఆకలితో తీసుకొచ్చిన మనిషి. ఆయన కూతురు నడిపే చోట మగవాడికి తొలి వడ్డనా? అందుకని కొత్త పద్ధతి పెట్టాను. అయిదు ఆకులు, అయిదు సమానమైన వాటాలు, అయిదుగురికీ ఒకేసారి.

కేకలు జీడితోట అవతలికి వినపడ్డాయట. దొర వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఆవరణ చుట్టూ పరిగెత్తాడు, రేకులన్నీ వాయించాడు, మరిదిని తరిమాడు. కోడలు బాయిలరు గది ఎక్కేసింది. చోడిముద్ద ఒకటి వచ్చి నా భుజం మీద పడింది.

“విమోచన గారూ,” నస్రీన్ నవ్వాపుకుంటూ అంది, “పెద్దవాడికి తొలి ముద్ద అందకపోతే తన స్థానం పోయిందనుకుంటాడు. అందుకే గొడవ. తొలి ముద్ద అతనికి ఇవ్వండి, మిగతాది వాళ్ళే చూసుకుంటారు.”

“అంటే ఇక్కడ కూడా పెత్తందారీ విధానమే అంటావు.”

“నేననడం కాదు, అతనంటున్నాడు.”

మధ్యాహ్నం దొరకి ముందు పెట్టాం. నా కళ్ళు మూసుకుని పెట్టించాను. అతను ఓ పనసతొన తిన్నాడు. పక్కన పెద్దామె అరచెయ్యి చాచింది. దొర ఆలోచించి, తన ఆకులోంచి ఓ తొన తీసి ఆ చేతిలో పెట్టాడు. తర్వాత కోడలు చెయ్యి చాచింది, తర్వాత బుడ్డోడు.

“సూసినావా, పంచినాడు!” అంది దాలమ్మక్క.

“అది దానం. హక్కు వేరు, దానం వేరు,” అన్నాను.

“పోనీ నువ్వెళ్ళి సంఘం ఎట్టించమ్మా ఆలకి.”

ఆలోచిస్తున్నాను.

నమోదు 8

పోయినవారం కొత్త సమస్య వచ్చింది. అయిదుగురికీ విరేచనాలు.

కారణం అంతర్జాతీయ కుట్ర కాదు, దాలమ్మక్క మారు వడ్డన. ఆమె లెక్కలో తినేవాడు ఆకు మడిచేదాకా వడ్డించాలి. వీళ్ళు ఆకు మడవరు. ఆమె వడ్డన ఆపదు. ఆరేళ్ళు అర్ధాకలితో బతికినవాళ్ళు ఎదుట పెట్టింది వదలరు.

“మీరు పెట్టేది ప్రేమే, కాదనను,” అంది నస్రీన్, చేతికి తొడుగులు వేసుకుంటూ. “బయటికొచ్చేదాన్ని ప్రేమ అనలేకపోతున్నాను.”

“ఇంటికొచ్చినోల్లకి సగం కడుపు ఎట్టి లేపీడమేటి తల్లీ? మా ఇంటా వంటా నేదు.”

నేను సహజంగానే నస్రీన్ పక్షం మాట్లాడాను. ఆతిథ్యం పేరుతో అవతలివాడు ‘చాలు’ అనే హక్కుని మనవాళ్ళు ఎలా నొక్కేస్తారో, వద్దంటున్నా నెయ్యి పోసే మేనత్తల దగ్గర్నుంచి మొదలుపెట్టి వివరించాను. దాలమ్మక్క వింటూనే వెళ్ళి పెద్దామె ఆకులో ఇంకో ముద్ద పెట్టబోయింది.

పెద్దామె ఆకు అంచు పట్టుకుని సగానికి మడిచింది.

గరిటె గాల్లో ఆగిపోయింది. దాలమ్మక్క గరిటె ఇంకొంచెం ముందుకి చాచింది. పెద్దామె మడిచిన ఆకు మీద రెండు చేతులూ ఆనించి, దాలమ్మక్క మొహంలోకి చూసింది. పళ్ళు కనపడలేదు. పెదాలు వదులుగా, నెమ్మదిగా ఉన్నాయి.

“సాలంట,” అంది దాలమ్మక్క గుసగుసగా. అని గరిటె గిన్నెలో పెట్టేసి, జాలీకి నుదురు ఆనించి, “సరే మాయమ్మా, నీ ఇట్టం,” అంది. మా ఉపన్యాసాలు రెండూ వృథా అయినా నాకేం బాధలేదు.

తన జీవితంలో ఆమె ‘వద్దు’ అన్నప్పుడు వద్దు అయిన మొదటిసారి ఇదే అయ్యుంటుంది. ఆ మర్నాటినుంచి రోజూ మడుస్తోంది. ఒక్కోసారి ఏమీ తినకుండానే మడిచి, దాలమ్మక్క ఆగుతుందో లేదో చూసి, మళ్ళీ విప్పి తింటోంది. హక్కు పనిచేస్తోందో లేదో సరిచూసుకుంటోందన్నమాట. ఇంతకన్నా రాజకీయ చైతన్యం నేను మా సమావేశాల్లో చూడలేదు.

నమోదు 11

రేపు విచారణ.

బుడ్డోడికి ఇవాళ చక్కిలిగిలి పెట్టింది కోడలు. వాడు కింద దొర్లి, పై పళ్ళు పెదవి కింద దాచి, ఆయాసపడుతున్నట్టు హ హ హ అని ఊపిరి తీశాడు. చింపాంజీ నవ్వు అది. ఇంతవరకూ మీలో ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఆ సీరియల్లో ఒక్కసారి కూడా అది లేదు. చూసి నేనూ నవ్వాను, చాలాసేపు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా.

తర్వాత రేపటి సంగతి గుర్తొచ్చింది. పట్టీ కట్టేది కంపెనీ మనిషి. మాట్లాడేది పట్టీ. నేనెంత అరిచినా నాది అరుపు, దానిది సాక్ష్యం.

“గట్టిగా దెబ్బలాడమ్మా రేపు,” అంది దాలమ్మక్క పనసకాయ కోస్తూ.

“దెబ్బలాట నాకు చెప్పాలా!”

“అదే బయ్యం. ఆ ఆపీసరు నీ మాటకి బెదిరిపోయి ఆలకే రాసిచ్చీగలడు.”

నమోదు 12

అధికారి పైడి లింగరాజు గారు పొద్దున్నే వచ్చారు. ఇక్కడికి దగ్గర్లోని పలాస వైపు మనిషి. చెడ్డవాడేం కాదు. ఎండకూతకి ముందే పని ముగించుకుని బయటపడాలన్నది ఆయన ఆశయం. కంపెనీ తరఫున శిక్షకుడు తేజస్ వచ్చాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, చేతిలో పట్టీల పెట్టె, ఇంకో చేతిలో కాజాల డబ్బా.

తేజస్ జాలీ దగ్గర నిలబడి చిటికె వేశాడు. ఒక్క చిటికె.

అయిదుగురూ వచ్చి వరసగా బాసింపట్టు వేశారు. చేతులు ఒళ్ళోకి పోయాయి. పళ్ళు బయటికొచ్చాయి. నిన్న దొర్లి నవ్విన బుడ్డోడు కూడా. దాలమ్మక్క మొహం తిప్పుకుంది. మెడలు తమంతట తామే జాలీకి ఆనాయి, పట్టీలు కట్టించుకున్నాయి.

“పెద్దావిడా, మీరెక్కడ ఉండాలనుకుంటున్నారు?” అని అడిగారు లింగరాజు గారు, చట్టంలో ఉన్నట్టే.

పెద్దామె గొంతులో సన్నటి మూలుగు. పట్టీ తేనెలా పలికింది. “నాయనా, మన అరటితోటకి ఎప్పుడు తీసుకెళ్తావు? నా కోడలిని చూసి ఎన్నాళ్ళయిందో!”

“ఆ కోడలు పక్కనే కూచుని ఉందండీ!” అని అరిచాను. “అదిగో, వీపు గోక్కుంటోంది!”

“మేడమ్, ఎమోషనల్ అవకండి,” అన్నాడు తేజస్. “ఆత్మీయంగా అన్న మాట అది. వాళ్ళ మధ్య అనుబంధం అలాంటిది.”

“పట్టీ నీ మెడకి కట్టుకో, ఏమంటుందో విందాం!”

“అది మనుషులకి పనిచేయదు మేడమ్.”

“జంతువులకి పనిచేస్తోందా?”

లింగరాజు గారు చెయ్యెత్తారు. పట్టీ చెప్పినదాన్ని నమోదు చేయడమే తన పని అన్నారు. మిగతా నలుగురూ ఇలాంటి తేనెమాటలే చెప్పారు. ఆయన రాసుకున్నారు. ఆఖరి సంతకం పెట్టబోతుండగా ఎండకూత మోగింది.

ఇక సాయంత్రం దాకా ఎవరూ కదలడానికి లేదు.

“బోజనానికి నెగండి బాబూ,” అంది దాలమ్మక్క. “వొచ్చినోలు తినకండా ఉంటారేటి? ఆలతోపాటే బంతి.”

జాలీకి ఇవతల మాకు ఆకులు, అవతల వాళ్ళకి. దొరకి తొలి ముద్ద పడింది. పట్టీలు తీయడానికి తేజస్ ఒప్పుకోలేదు, సంతకం అయ్యేదాకా ఉండాలన్నాడు. పెద్దామె కాస్త తింది. తేజస్ పక్కనున్నాడని మిగతాది పక్కకి జరిపింది. అతనికి లింగరాజు గారి ముందు అనుబంధం చూపించాలనిపించినట్టుంది. కాజాల డబ్బా తెరిచాడు. షూటింగులో షాటు బాగా వస్తే ఇచ్చేవి ఆ కాజాలే. ఒకటి సందులోంచి పెద్దామె ఆకులో పెట్టాడు.

ఆమె పళ్ళు బయటపెట్టింది. చేతులు ఒళ్ళోకి పోబోయాయి. అక్కడే ఆగి, దాలమ్మక్క వైపు చూసింది. దాలమ్మక్క ఏ సైగా చేయలేదు. గరిటె మాత్రం గిన్నెలో పెట్టేసి, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పెద్దామె ఆకు మడిచింది. కాజాతో సహా.

“అబ్బ, ఎంత కమ్మగా ఉందో నాయనా! ఇంకోటి పెట్టు!” అంది మెడలోని పట్టీ.

లింగరాజు గారి ముద్ద నోటి దగ్గర ఆగింది.

తేజస్ నవ్వుతూ సందులోంచి చెయ్యి పెట్టి ఆకు విప్పాడు. ఆమె మళ్ళీ మడిచింది. “నీ చేతి కాజా తిని ఎన్నాళ్ళయింది!” అంది పట్టీ. అతను కొత్త ఆకు తోసి దానిలో రెండు కాజాలు పెట్టాడు. ఆమె అదీ మడిచి, రెండు చేతులూ మీద ఆనించింది. ఈసారి పళ్ళు లేవు. “మన ఇంటికి పోదాం పద!” అంది పట్టీ, ఇంకా తియ్యగా. బుడ్డోడు తన ఆకు కూడా మడిచాడు. వాడికి ఏం అర్థమైందో నాకు తెలియదు. వాడు ఆకు తినకుండా మడవడం మాత్రం ఇదే మొదలు.

దాలమ్మక్క లేచి ఇంకో ఆకు వేసి, ఓ పనసతొన పెట్టింది. పెద్దామె దాన్ని తీసుకుని తింది.

నేను నోరు తెరిచాను. నస్రీన్ నా మోకాలి మీద గట్టిగా గిల్లింది. జీవితంలో మొదటిసారి తెరిచిన నోరు మూసుకున్నాను.

లింగరాజు గారు తన ఆకు మడిచారు. నెమ్మదిగా చెయ్యి కడుక్కుని వచ్చి కూచున్నారు. పొద్దున్నుంచి మాట్లాడిన ఆఫీసు తెలుగు ఎక్కడికో పోయింది.

“ఇలగ సూడు బాబూ,” అన్నారు తేజస్‌తో. “ఆకు మడిచీసినోలకి మరి వడ్డించకూడదు. ఆ ముక్క మీ పట్టీకి తెలీదేటి?”

“సార్, అది అనుకరణ. కోతి చేష్ట.”

“మరయితే నువ్వెట్టింది తినకండా మడిచీసినాదేటి? ఈవిడెట్టింది తిన్నాది కాదేటి?” ఆయన కలం తీసి పొద్దున రాసింది కొట్టేశారు. “పట్టీ ఒకటంటన్నాది, ఆవిడ చెయ్యి ఇంకోటంటన్నాది. నాను చేతినే రాసుకుంతాను. ఐదుగురూ ఇక్కడే ఉంతారు. పట్టీలు తీసీ.”

తేజస్ పట్టీలు తీశాడు. పెద్దామెది తీస్తుంటే అది ఆఖరిసారిగా “వెళ్ళొస్తా నాయనా” అంది. దాలమ్మక్క పొట్ట పట్టుకుని నవ్వింది. లోపల దొర రేకులు వాయించడం మొదలుపెట్టాడు, మేం కూడా గిన్నెలు వాయించాం.

నమోదు 13

కంపెనీ అప్పీలుకి పోతుందట. పోనివ్వండి. ఈలోగా మీకూ ప్రభుత్వానికీ మా కోర్కెలు ఇవి. చర్చలకి నేను సిద్ధం, రాజీకి సిద్ధం కాదు.

ఒకటి. ‘అత్తింటి అరటితోట’ పాత భాగాలన్నీ తీసెయ్యాలి. పెళ్ళిభోజనం ముందు తియ్యాలి.

రెండు. ఏ జంతువు మెడకీ మాటపట్టీ కట్టకూడదు.

మూడు. స్టూడియోలో మిగిలిన ఇద్దరు చింపాంజీ పిల్లల్ని వానలకి ముందే ఇక్కడికి పంపాలి. దాలమ్మక్క ఆకులు కోసి ఉంచింది.

నాలుగు. జంతువు ఇష్టం అడగడానికి వచ్చే అధికారి ముందు దానితోపాటు కూచుని భోంచెయ్యాలి.

అయిదు. అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళు వెనక్కి తీసుకోవాలి. తర్వాత ఒకరోజు వచ్చి ఆవరణ కడగాలి. చీపుర్లు మావే.

ఆరు. దాలమ్మక్కకి పక్కా ఉద్యోగం ఇవ్వాలి. రోజుకూలీ చాలదు.

ఏడు. తొలి ముద్ద దొరకే అన్న విధానంపై చింపాంజీలతో చర్చించే బాధ్యత నాకు వదిలెయ్యాలి.

ఎనిమిది. ఆమెని కాంతమ్మత్తయ్య అని పిలవకూడదు.

తొమ్మిది. ఆమె ఆకు మడిచింది. ఇంక వడ్డించకండి.